ఏకే విల్లూ కరెంటు గిటారూ

మొన్న నా కిరాయి ఇంటికి పరుపు వచ్చింది. చూడడానికి పరుపులా లేదు, పొడుగాటి అట్టపెట్టె. తెచ్చినాయన దాన్ని గుమ్మంలో నిలబెట్టి, "అక్కా, కవరు కోసి జర పక్కకు జరుగుండ్రి, అదే లేస్తది" అని చెప్పి వెళ్లిపోయాడు. కోశాను. బుస్సుమంటూ గాలి పీల్చుకొని నిజంగానే అదే లేచింది. ఎవరూ చెయ్యి వేసింది లేదు, ఒక దెబ్బ కొట్టింది లేదు. వంగి వాసన చూస్తే కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన.

దూదికి మాత్రం వాసన ఉంటుందా అని అడిగేవాళ్లుంటారు. ఉంటుంది. ఎండలో ఆరబోసిన కొత్త దూది పత్తిగింజల వాసన వేస్తుంది. పాత పరుపు విప్పితే ఆ ఇంటివాళ్లు తలకు రాసుకునే నూనె, చంటిపిల్లల ఉచ్చ, ఎప్పుడో ఎవరికో నడుము పట్టేస్తే రాసిన మందు, అన్నీ కలిసి కొడతాయి. నేను ఆ వాసనలో పుట్టి పెరిగాను. మేం దూదేకులవాళ్లం. ఈ మాట రాయడానికి నాకు ఇవాళ ఏ జంకూ లేదు. ఒకప్పుడు మా ఇంట్లో ఆ మాట పైకి అనడానికి వీల్లేదు. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో, నేను దాన్ని నలుగురిలో నిలబడి మరీ అన్నాను.

మా ఇల్లు చిట్యాల దగ్గర, హైవేకి కాస్త లోపలగా ఉండేది. ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో దూది ఏకే కరెంటు మిషను. బాపు దాన్ని నడిపేవాడు. అమ్మ కుట్టుమిషను మీద పరుపులకు గలీబులు కుట్టేది. అవ్వ, అంటే బాపు తల్లి, అరుగు మీద కూర్చొని అందరినీ తిట్టేది. మిషను మొదలైతే ఇల్లంతా దూది పోగులు ఎగిరేవి, మా కనుబొమ్మలు తెల్లబడేవి. అవ్వ కాల్చిన ఉల్లిగడ్డ నలిపి పచ్చిపులుసు చేసి జొన్నరొట్టెల పక్కన పెట్టేది. గిన్నెలో దూది పడితే వేలితో తీసి గోడకు రాసి తినేవాళ్లం. చుట్టాలకు అది వింత. మాకు రోజూ ఉండేదే.

అవ్వ పీర్ల పండుగకు మలీద ముద్దలు చేసేది, బతుకమ్మకు తంగేడు పూలు కోసుకొచ్చి పేర్చేది. దాంతో అటువాళ్లు మీకు ఉర్దూ ఎందుకు రాదనేవాళ్లు, ఇటువాళ్లు మీ పేర్లు అట్లెందుకు ఉన్నాయనేవాళ్లు. ఇద్దరికీ అవ్వ దగ్గర ఒకటే జవాబు ఉండేది. "మేమెవరమో మీ వీపులను అడుగుండ్రి, అవి చెప్తయి" అనేది. వాళ్లు పడుకునే పరుపులన్నీ మా ఇంట్లో ఏకినవే మరి.

బాపుకు ఆ పొగరు లేదు. ఎందుకు లేదో అవ్వ చెబితేనే నాకు తెలిసింది. తాత రోజుల్లో మిషన్లు లేవు. మనిషంత విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాడు. దానికి మేక పేగుతో చేసిన నరం బిగించి ఉండేది. ఊరి మొదట్లో కొయ్యగుండుతో ఆ నరాన్ని ఒక దెబ్బ కొడితే టుంయ్‌మని వాడలన్నీ వినేవి, పరుపు ఏకించుకునేవాళ్లు పిలిచేవాళ్లు. ఆ విల్లును దూది కుప్ప మీద ఆడిస్తూ కొడుతుంటే ముద్దకట్టిన దూది పోగుపోగుగా విచ్చుకొని లేచేది. తాత వెనక మూట మోస్తూ నడిచింది మా బాపు. అప్పటికి బడికి పోవాల్సిన వయసు. టుంయ్ వినగానే ఊళ్లో పిల్లలు వెంటబడి ఏవో మాటలు అనేవాళ్లట. ఆ మాటలు ఇక్కడ రాయను. రాసి వాటికి ఇంకో నోరు ఇవ్వను. పెద్దవాళ్లు విని నవ్వారట తప్ప ఒక్కరూ ఆ పిల్లలను ఆపలేదట.

తాత పోయిన ఏడాదే బాపు మిషను తెచ్చాడు. విల్లును అటక మీదికి ఎక్కించి, "గా చప్పుడు మల్ల నా ఇంట్ల వినబడొద్దు" అన్నాడు. అది మా ఇంటి చట్టం. నేను పుట్టేటప్పటికే అమల్లో ఉంది.

ఆ ఎండాకాలం ఫోన్లలో వీడియోలు ఎంతసేపైనా చూసే రోజులు మాకు కొత్తగా వచ్చాయి. అమ్మ ఫోనులో ఒక పిల్ల కనిపించింది. నా వయసే ఉంటుంది. ఒక్కర్తే నిలబడి కరెంటు గిటారు వాయిస్తోంది. ఆమె వేళ్లు చిన్నగా కదిలితే చాలు, చప్పుడు మాత్రం లారీ హారన్ను మించి వస్తోంది. నాకు ఒళ్లంతా వేడెక్కింది. నాకది కావాలి. కొనమని అడిగితే బాపు ఏమంటాడో తెలుసు కాబట్టి అడగలేదు. ఇంకో వీడియోలో ఎవరో ముసలాయన, అర్థంకాని భాషలో మాట్లాడుతూ, గ్యారేజీలో కూర్చొని గిటారు తానే చేసుకుంటున్నాడు. భాష తెలియకపోతే ఏం, చేతులు కనబడుతున్నాయి కదా అనుకున్నాను.

పాత తలుపు నుంచి ఊడిన వేప పలక షెడ్డు మూల ఉండేది. దాన్ని రంపంతో కోస్తే గిటారు నడుము రావాలి, నాకు మాత్రం పీట వచ్చింది. సరే, పీటే ఉండనీ అనుకున్నాను. కిటికీ చట్రానికి తెచ్చి మిగిలిన టేకు కర్రను మెడగా బిగించాను. మెడ మీద అడ్డంగా ఉండే మెట్లకు ఇనుప పుల్లలు కావాలి. బాపు పాత సైకిలు చక్రం నుంచి ఊడబీకాను. అమ్మ టేపుతో కొలిచి అన్నింటి మధ్యా సమానంగా జాగా వదిలాను. అవి పోనుపోను దగ్గరవ్వాలని నాకు తెలియదు. ఆ సైకిలు ఎక్కిన రోజు బాపు చక్రం వంకర తిరిగి మురికి కాలువ పక్కన పడ్డాడు. ఎవరో చిల్లరదొంగ పని అని వారం రోజులు వాడకట్టంతా వినేట్టు తిట్టాడు, అందరికంటే గట్టిగా నేనే తిట్టాను.

గిటారుకు అసలు ప్రాణం తీగల కింద ఉండే చుట్టలో ఉంటుంది. అయస్కాంతం మీద వెంట్రుకంత రాగితీగను వేల చుట్లు చుట్టాలి. పైన తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని స్పీకరు చప్పుడు చేస్తుంది. అయస్కాంతం ఒక పగిలిన స్పీకరులో దొరికింది. వెంట్రుకంత తీగ ఎక్కడ? అప్పుడే ఊళ్లో ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. అంతకు ముందు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బావి మోటారు దానంతటదే నడవాలని రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. ఇక వాటిని తీసెయ్యండి అన్నారు. మా పక్కన మోటార్లు బాగుచేసే మామ కొట్టు ముందు ఆ డబ్బాలు కుప్పగా పడ్డాయి. ఒక్కోదాని లోపల నాకు కావాల్సిన తీగ నిండా చుట్టి ఉంది. మామ నవ్వి, "తీస్కపో బిడ్డా, గవిట్ల పాములు దూరకముందే" అన్నాడు. కాలిన వార్నీషు వాసన, ఎలుక లద్దెల వాసన. ఆ తీగను విప్పుతుంటే తెగేది, అతికేదాన్ని, మళ్లీ తెగేది.

చుట్టడానికి అమ్మ కుట్టుమిషనే దిక్కు. దారం కండెను చుట్టే చిన్న చక్రానికి నా చుట్టను తగిలించి తొక్కాలి. అమ్మకు విషయం చెప్పక తప్పలేదు. ఆమె నా ముఖం చూసి, షెడ్డు వైపు చూసి, "మీ బాపు అడిగితె నేనేం ఎరగ" అని కుర్చీ నాకు వదిలి లేచింది. మా అమ్మ ఒప్పుకోవడం అంటే అంతే.

చేసిన గిటారును దాచడం ఇంకో కథ. అమ్మ దాన్ని సగం నింపిన పరుపులో పెట్టి పైన కుట్టేసింది. ఒకరోజు ఒకాయన వచ్చి అదే పరుపును అరచేత్తో ఒత్తి, "గింత గట్టిగున్నదేంది చెల్లె" అన్నాడు. అమ్మ తల కూడా ఎత్తకుండా, "గట్టిదే నడుముకు మంచిదన్న" అంది. ఆయన అదే కావాలని పట్టుబట్టాడు. అమ్మ సైగ చేస్తే, ఆయనను వేరే పరుపు వైపు తిప్పేసరికి అవ్వకు నోరు నొప్పి పుట్టింది. ఆయన పోయాక ఎందుకని అమ్మను అడిగిన అవ్వకు అట్లా తెలిసిపోయింది.

తెలిశాక అవ్వ ఊరుకుంటుందా. పరుపు కుట్లు విప్పించి, గిటారును ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "తీగలేవి" అంది. ఇంకా లేవన్నాను. లేచి తన పెట్టెలో నుంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో నూనె రాసి చుట్టిపెట్టిన నరం. తాత విల్లుకు అదనంగా ఉంచుకున్నది. అన్నేళ్లుగా పురుగు పట్టకుండా చూసుకుందట. "దీన్ని మించిన తీగె పట్నంల గుడ దొరకదు. గుర్రం గుంజినా తెగది" అంది. నాకు మారు ఆలోచన రాలేదు. చప్పుడు చేసే తీగ అంటే మాకు నరమే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంట్లో విన్న గొప్ప తీగ అదే. ఇద్దరం కూర్చొని ముక్కలు కోసి, బోల్టులకు చుట్టి బిగించాం.

మా ఇంట్లో పాత సీడీలు ఆడించే స్పీకరు డబ్బా ఉండేది. దానికి మైకు గుచ్చే రంధ్రం ఉంది. బాపు నార్కట్‌పల్లికి పోయిన పూట చూసి గిటారు వైరు అందులో గుచ్చాను. చుట్ట మీద ఇనుప స్క్రూడ్రైవరుతో తడితే టక్కుమని స్పీకరు పలికింది. అంటే చుట్ట బతికే ఉంది. అవ్వ ముసుగు సర్దుకొని కూర్చుంది. నరాన్ని మీటాను. ఏమీ లేదు. గట్టిగా మీటాను. నా చేతి కింద నరం వణుకుతోంది, స్పీకరు మాత్రం గురకపెట్టినట్టు గుర్రుమంటోంది తప్ప పలకదు. గంటసేపు విప్పి బిగించాం. అవ్వకు కోపం వచ్చింది. "నీ డబ్బా చెవిటిది పోరీ. నరంల లోపం లేదు" అంది.

డబ్బా చెవిటిది కాదు. మోటార్ల మామ చూసి కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. అయస్కాంతానికి ఇనుము కదిలితేనే తెలుస్తుంది, మేక పేగు కదిలితే ఏం తెలుస్తుంది అన్నాడు. భూమ్మీద ఇంకెవరూ ఈ తప్పు చేసి ఉండరు. దూదేకులవాళ్ల పిల్ల చేయగల తప్పు అది, దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను. బండి క్లచ్ వైరు విప్పితే లోపల సన్నటి ఉక్కు తీగలుంటాయి. మామ ఒకటి పడేశాడు. ఒక పోగును సన్నతీగగా, రెండు పోగులు మెలేసి లావుతీగగా బిగించాను.

ఈసారి మీటితే టుంయ్‌మంది.

వీడియోలో పిల్ల చప్పుడు కాదది. మెట్ల కొలత తప్పు కాబట్టి పాట ఏదీ రాదు, ఒక్క లావుతీగ మాత్రం మోగుతుంది. అవ్వ లేచి నిలబడింది. మళ్లీ కొట్టమంది. కొట్టాను. అవ్వ ఏడవలేదు, నవ్వలేదు. నా పక్కన కూర్చొని నా మణికట్టు పట్టుకొని దెబ్బ ఎట్లా వెయ్యాలో చూపించింది. "ముందుగాల దూది బరువుంటది, చప్పుడు గుడ ముద్దగ రావాలె. దూది విచ్చుకున్నకొద్ది చప్పుడు తేటవడుతది. మీ తాత కండ్లు మూసుకొని ఏకెటోడు. దూది అయిందా కాలేదా చెవికే ఎరుక" అంది. అరచేయి తీగకు ఆనించి కొడితే ముద్ద చప్పుడు, మెల్లమెల్లగా ఎత్తుతుంటే తేట చప్పుడు. నేను జీవితంలో నేర్చుకున్న మొదటి వాయింపు అదే.

ఆ పాఠంలో ఉండగానే బాపు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"మల్ల గదే చప్పుడా నా ఇంట్ల," అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "ఎవలు నేర్పిన్రు?"

"నేనే నేర్పిన," అంది అవ్వ. "నీ తండ్రి చప్పుడురా అది."

"గందుకే వద్దంటున్న. ఇగ పది దినాలల్ల రోడ్డు మీద దుకాణం తెరుస్తున్నం. ఫోము పరుపులు, పెద్ద బోర్డు. ఫంక్షన్ హాలు సారు రూములన్నిటికి మన దగ్గరనే తీసుకుంటనన్నడు. గసొంటోళ్ల ముంగట మనం మల్ల దూదేకులోళ్లం కావాల్నా?" నా వైపు తిరిగాడు. "పిల్లవు, ఏమంటలేను. దుకాణం పని ఒడిసినంక గది పొయ్యిలకు పోతది. నేనే పెడ్త."

బాపు మాట మీద నిలబడే మనిషి. పొయ్యిలో పెడతానంటే పెడతాడు. సైకిలు చక్రం, స్టార్టరు డబ్బాలు, తెగిన తీగను అతికి అతికి చీలిన నా వేలికొసలు, అన్నీ ఆ పొయ్యిలోకే. బాపు మీద కోపం కంటే, ఎన్నడో వెంటబడిన ఆ పిల్లల మీద ఎక్కువ కోపం వచ్చింది. వాళ్లు ఎదిగి, పిల్లల తండ్రులై, ఎక్కడో హాయిగా ఉండి ఉంటారు. బాపు మాత్రం ఇంకా వాళ్ల ముందే పరుగెత్తుతున్నాడు. నేను పరుగెత్తను అనుకున్నాను. ఎట్లాగూ కాలిపోయేదైతే ఒక్కసారి అందరూ విన్నాకే కాలాలి.

దుకాణం తెరిచిన రోజు షామియానా వేశారు, మైకుసెట్టు పెట్టారు. గులాబీ పూల దండలు, లడ్డూలు, చల్లటి సీసాలు. ఫంక్షన్ హాలు పెద్దమనిషి తెల్లబట్టల్లో వచ్చి రిబ్బను కత్తిరించాడు. బాపు కొత్త చొక్కా వేసుకొని ఆయన వెనక వెనకే తిరుగుతున్నాడు. "ఇప్పుడంత ఫోమే సార్, దూది పనే లేదు" అంటున్నాడు. ఆ ముక్క నా చెవిన పడింది. నేను గిటారుతో షామియానా కిందికి వచ్చి మైకు వైరు పీకి నాది గుచ్చాను. నా వెనక అవ్వ వచ్చి కుర్చీ లాక్కొని కూర్చుంది.

ఇంట్లో డబ్బాకూ షామియానా స్పీకర్లకూ పోలికే లేదు. ముద్ద చప్పుడుతో మొదలుపెట్టాను. జనం లడ్డూలు పట్టుకొని ఆగిపోయారు. చెయ్యి మెల్లగా ఎత్తాను. చప్పుడు విచ్చుకుంది. రోడ్డవతల చాయ్ తాగుతున్నవాళ్లు లేచి చూశారు. ఒక ముసలాయన నవ్వుతూ పక్కవాడితో, "గిది దూదేకుల సాయిబు విల్లు చప్పుడే గదర" అన్నాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. బాపు జనాన్ని తోసుకొని వచ్చి వైరు పీకేశాడు.

స్పీకర్లు ఆగినా నేను ఆపలేదు. చప్పుడు లేని తీగను కొడుతూనే గట్టిగా అన్నాను. "మేము దూదేకులోళ్లమే. మా తాత గిట్లనే కొట్టెటోడు. మీరు పుట్టినప్పుడు మీ కింద పరిచింది గుడ ఆయన ఏకిన బొంతనే కావొచ్చు. నవ్వుకుంటె నవ్వుకోండ్రి." మాట పూర్తి చేశాకే తీగ మీద చెయ్యి ఆపాను.

ఫంక్షన్ హాలు పెద్దమనిషి అందరికంటే హాయిగా నవ్వాడు. బాపు భుజం తట్టి, "మంచిగున్నదయ్యా నీ బిడ్డ తమాష. మా హాలుకు పంపు. పెండ్లికొచ్చినోళ్లు తిన్నంక జర నవ్వుకుంటరు. ఆర్డరు సంగతి గప్పుడే మాట్లాడుకుందం" అన్నాడు.

బాపు చేతిలో పీకిన వైరు ఉంది. దాన్ని చివరిదాకా చుట్ట చుట్టాడు. తర్వాత తలెత్తాడు.

"అది నవ్వెటందుకు కాదు సార్," అన్నాడు. "గా చప్పుడు మీదనే మా బాపు మమ్ముల సాదిండు. మీ రూములకు పరుపులు వేరే కాడ చూసుకోండ్రి."

పెద్దమనిషి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఆయన పోయాక ఆయనతో వచ్చినవాళ్లు పోయారు. లడ్డూలు మిగిలాయి. వాటిని ఆ వారమంతా మేమే తిన్నాం. బాపు నన్ను మెచ్చుకోలేదు, క్షమించలేదు. దుకాణం మాత్రం మెల్లగా నడిచింది. గిటారును పొయ్యిలో పెట్టలేదు, పెట్టనని కూడా చెప్పలేదు. నేను రోజూ మధ్యాహ్నం షెడ్డులో కూర్చొని వాయిస్తూనే ఉన్నాను. ఒకరోజు మిషను ఆపి, నా వైపు చూడకుండానే, "మా బాపు విల్లు గింత సన్నగ లేకుండె. లావుగుండె చప్పుడు" అన్నాడు. మళ్లీ మిషను వేసుకున్నాడు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. దూది ఏకించుకోవడానికి ఎవరూ రారు. అవ్వ పోయింది. నేను ఆ తర్వాత చాలా గిటార్లు చేశాను, ఇప్పుడు అదే నా పని, మెట్ల కొలతలు తప్పడం లేదు. నలుగురి ముందు వాయించినప్పుడు ఇది ఏ బాణీ అని అడుగుతారు. దూదేకుల బాణీ అంటాను. కొందరు నవ్వుతారు. నవ్వు అయిపోయేదాకా వాయిస్తూ ఉంటాను. కొత్తగా ఏ తీగ బిగించినా ముందు బాపుకు ఫోను చేసి వినిపిస్తాను. తాత చప్పుడు అయిందా బాపూ అని అడుగుతాను. "ఇంక కాలే" అంటాడు. ప్రతిసారీ అదే మాట. ఫోను మాత్రం పెట్టెయ్యడు.